గ్యాసో కాదో ఈసీజీ చెప్పాలి, మీరు కాదు

పొద్దున్నే ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి పెట్టిన మెసేజీ: "ఛాతీలో నొప్పా? ఆయాసమా? కంగారు పడొద్దు, గ్యాసే. గోళీసోడాలో ఉప్పేసుకుని తాగండి." కింద వరసబెట్టి దండాలు. ఏంది సామీ ఇది? త్రేన్పు వస్తే గుండె బాగుపడినట్టా?

గుండె కింది గోడకి రక్తం అందకపోతే అచ్చం అజీర్తి లాగే ఉంటది. పొట్ట పైన పట్టేసి వాంతికొస్తాది. షుగరున్నోళ్లకి ఒక్కోసారి నొప్పే ఉండదు, చల్లచెమట, ఆయాసం, అంతే. ఈసీజీ ఒకసారి బాగుందని ఇంటికొచ్చేసే తెలివిగలవాళ్లు ఇంకో రకం. మొదట్లో మామూలుగానే ఉండొచ్చు, నొప్పి తగ్గకపోతే పావుగంటకో అరగంటకో మళ్లీ తీయాలి. గుండె కండ దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ పరీక్షలో తేలడానికి కూడా కొన్ని గంటలు పట్టొచ్చు.

పోనీ గుండె కాదు. అయితే గ్యాసేనా? కాలు విరిగి మంచాన ఉన్న మనిషికో, బాలింతకో ఉన్నట్టుండి ఊపిరాడక, గాలి పీల్చినప్పుడల్లా పొడుస్తుంటే ముందు పిక్కలు చూడండి. ఒక పిక్కే వాచి ఉంటే అక్కడ కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తికి చేరిందేమో! సన్నగా పొడుగ్గా ఉండే కుర్రాడికో, ఏళ్ల తరబడి బీడీలు కాల్చిన తాతకో ఒక పక్కే పొడిచిందా, ఊపిరితిత్తికి చిల్లుపడి గాలి బయట చేరి ఉండొచ్చు. అక్కడ నిజంగానే గ్యాసుంది, కాకపోతే గొట్టమేసి తీయాల్సిన గ్యాసు. నొప్పి వీపులోకి చీల్చుకుపోతూ, రెండు చేతుల్లో బీపీ తేడాగా ఉంటే బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) చీలిందేమో చూడాలి, దానికి ఆస్పిరిన్ కూడా ప్రమాదమే. ఎర్రతేలు కుట్టిన బిడ్డకి ఆయాసం మొదలైనా మంత్రం వేయించేవాళ్లు ఇంకా ఉండారు. ఆ విషానికి ఊపిరితిత్తుల్లో నీరు చేరతాది, ప్రాజోసిన్ మాత్ర పడాలి, విభూది కాదు.

అసలు కడుపుమంట సోడా మీద కాదు, సెలైన్ బాటిల్ మీద. ఆయాసమంటే చాలు, ఆర్‌ఎంపీ బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఒక బాటిల్. ఆయన వద్దన్నా "నీరసంగా ఉండాడు, రెండు ఎక్కించన్నా" అని బతిమాలేది మనమే. గుండె బలం తగ్గినోడికి, కిడ్నీలు చెడినోడికి (కనిగిరి వైపు కిడ్నీ జబ్బుల సంగతి కొత్తగా చెప్పాలా?) ఊపిరితిత్తుల్లో అప్పటికే నీరుంటే, పైనుంచి అర లీటరు ఉప్పునీళ్లు! కావాల్సింది కూర్చోబెట్టడం, ఆక్సిజన్, నీరు దించే ఇంజెక్షన్. బాటిల్ సగమయ్యేసరికి గొంతులో గురగుర, నోట్లో గులాబీ నురగ. అప్పుడు కారు కోసం పరుగులు.

ఉదయగిరి నుంచి నెల్లూరికి ఎంత దూరమో అందరికీ తెలుసు. గుండెపోటుకి గడ్డ కరిగించే ఇంజెక్షన్ 12 గంటల దాకా ఇస్తారు గానీ, మొదటి గంటలో పడితే మిగిలే గుండె కండ వేరు. ఆ గంట కాస్తా సోడాకి, బాటిల్‌కి, బావమరిది వచ్చేదాకా ఆగడానికి!

నొప్పి పది నిమిషాలు దాటనివ్వద్దు, వెంటనే 108కి కొట్టండి. మనిషిని నడిపించొద్దు, మెట్లు దించొద్దు, బైకు మీద ఇద్దరి మధ్య ఇరికించొద్దు. ఆయాసముంటే దిండ్లేసి కూర్చోబెట్టండి. గుండెపోటు లక్షణాలే అయితే, అలర్జీ, కడుపులో పుండు లేకపోతే, 108 వాళ్లనడిగి 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించండి. రక్తనాళాల్ని వెడల్పు చేసే సార్బిట్రేట్ మాత్ర మాత్రం బీపీ చూడకుండా నాలిక కింద పెట్టొద్దు, బీపీ పడిపోతాది. నొప్పి ఎన్నింటికి మొదలైందో, రోజూ ఏ మాత్రలు వేసుకుంటాడో చీటీ రాసి జేబులో పెట్టండి. క్యాజువాలిటీలో డాక్టరు ముందడిగేది అదే, మీరేమో అక్కడ నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.