నీళ్లు తగలని జలవిహారం

సియాటిల్ పక్కన సమామిష్ అని ఒక సరస్సు ఉంది. జనవరిలో దాని నీళ్లు 45 ఫారెన్‌హీట్‌కి అటూ ఇటూగా ఉంటాయి. మన లెక్కలో 7 డిగ్రీలు. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పెట్టే చోటు ఇంతకన్నా మూడు డిగ్రీలే తక్కువ. ఎనిమిదింటికి గానీ తెల్లవారని ఈ ఊళ్లో, అలాంటి నీళ్ల మీద ఒక పలక వేసుకుని నిలబడి తెడ్డు వేయడాన్ని కొందరు పిచ్చి అంటున్నారు. ఆ కొందరిలో మా ఆవిడ కూడా ఉంది కాబట్టి ఈ వ్యాసం రాయాల్సి వచ్చింది.

దీన్ని స్టాండప్ పాడిల్ అంటారు. స్టాండప్ అన్న మాట సాఫ్ట్‌వేర్ వాళ్లకు కొత్త కాదు. రోజూ పొద్దున్నే నిలబడి నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, బ్లాకర్లు, అంటే పనికి అడ్డుపడేవి, ఏమున్నాయి అని చెప్పుకోవడమే మా నిత్యపూజ. పదిహేనేళ్లుగా ఏ ఆధారమూ లేకుండా ఇలా నిలబడుతూ వస్తున్నవాడు, కింద పలక కూడా ఉంటే నిలబడలేడా అన్నది నా వాదన. కాకపోతే సరస్సులో తూలితే తప్పు టెస్టింగ్ వాళ్ల మీదికి తోసే వీలు లేదు.

నిజానికి ఇది హవాయి వాళ్ల ఆట. వైకికీ తీరంలో సర్ఫింగ్ నేర్పే కుర్రాళ్లు పలకల మీద తెడ్లు పట్టుకుని నిలబడేవాళ్లు. అక్కడి నీళ్లు 25 డిగ్రీలు, ఒంటి మీద నిక్కరొకటే. మనం ఆ ఆట తెచ్చుకున్నాం, నీళ్లను వదిలేసి వచ్చాం.

అందువల్ల ఇక్కడ మొట్టమొదటి సూత్రం: గాలిని చూసి కాదు, నీళ్లను చూసి బట్టలు వేసుకోవాలి. ఎండ కాస్తోంది కదా అని టీషర్టు మీద దిగకూడదు. వెట్‌సూట్ అనే రబ్బరు తొడుగు అయితే కాసిని నీళ్లు లోపలికి వస్తాయి, వాటిని ఒంటి వేడితో మనమే కాచుకోవాలి. డ్రైసూట్ అయితే చుక్క కూడా రాదు. మంచిది వెయ్యి డాలర్ల దాకా అవుతుంది. మెడ దగ్గర బిగుతుగా రబ్బరు పట్టీ ఉంటుంది. అందులోంచి తల దూర్చేటప్పుడు మనిషి రెండోసారి పుడతాడు, ఈసారి పురిటినొప్పులు కూడా తనే పడతాడు. ఆ తర్వాత రబ్బరు బూట్లు, గ్లవ్స్, లైఫ్ జాకెట్, పలకకీ కాలికీ మధ్య ఒక తాడు. ఇన్ని కొన్నాక లెక్క చూస్తే, ప్రతి డాలరూ నీళ్లు తగలకుండా ఉండటానికే ఖర్చయిందని తేలింది. "తగలకూడదనుకుంటే సోఫాలో కూర్చోవచ్చుగా?" అని మా ఆవిడ అడిగింది. ఆ ప్రశ్న ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

ప్రభుత్వం మాత్రం మా గౌరవం గుర్తించింది. ఈత కొట్టే చోటు హద్దులు దాటితే ఈ పలక కూడా పడవే అని అమెరికా కోస్ట్ గార్డ్ 2008లో తేల్చి చెప్పింది. కాబట్టి లైఫ్ జాకెట్ ఉండాలి, ఈల ఉండాలి. అంటే చట్టప్రకారం నేను కెప్టెన్‌ని. ఆఫీసులో ఏడేళ్లుగా రాని ప్రమోషన్ నాకు సరస్సులో పది నిమిషాల్లో వచ్చింది.

ఒక్క విషయంలో మాత్రం వేళాకోళం పనికిరాదు. కెనడాలో మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్, చన్నీళ్లలో తానే దిగి పరిశోధన చేసిన మనిషి, 1-10-1 అని ఒక లెక్క ప్రచారం చేశారు. పడగానే ఊపిరి ఎగబీల్చుకుపోతుంది, అది మన చేతిలో ఉండదు, ఆ క్షణంలో నోరు నీళ్లలో ఉంటే అంతే సంగతులు. దాన్ని అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం. చేతులూ కాళ్లూ మన మాట వినేది పది నిమిషాలు. చలికి స్పృహ తప్పడానికి ఒక గంట. చాలామంది గంట ఉంది కదా అనుకుంటారు గానీ, లైఫ్ జాకెట్ లేనివాడి కథ మొదటి నిమిషంలోనే ముగియొచ్చు. నడుముకి సంచీలా కట్టుకునే రకం జాకెట్లు కూడా ఉన్నాయి. వాటికి తాడు లాగితే గాలి నిండుతుంది, అప్పుడు తలకి తగిలించుకోవాలి. కొయ్యబారిన వేళ్లతో ఆ పని ఎలా చేస్తారో తెలుసుకోవాలంటే, ఐసు ముక్కలు ఐదు నిమిషాలు గుప్పిట పట్టుకుని చొక్కా గుండీ పెట్టుకుని చూడండి.

ఇక నా అనుభవానికి వస్తాను. అమ్మానాన్నలు ఎండాకాలంలో రావాలన్నది ఇక్కడి ఆనవాయితీ. టికెట్ చవగ్గా వచ్చిందని మా నాన్నగారు జనవరిలో దిగారు. మాది కొల్లేటి ఒడ్డున కైకలూరు వైపు. సరస్సుకి వెళ్తున్నానంటే మంకీ క్యాప్ పెట్టుకుని, ఫ్లాస్కులో కాఫీ పోయించుకుని ఆయనా బయల్దేరారు.

నాది గాలి నింపుకునే రకం పలక. ఒడ్డున దానికి గాలి కొట్టడం మొదలుపెట్టాను. ఒత్తిడి పదిహేను పీఎస్ఐ దాకా వచ్చేలా కొట్టాలి. మొదటి వంద దెబ్బలకీ మీటరు ముల్లు కదల్లేదు.

"ముల్లు చచ్చిందేమోరా."

"లేదు నాన్నా, పలక నిండాకే కదులుతుంది."

"నువ్వు చచ్చేలా ఉన్నావు ముందు."

కదిలాక అసలు కష్టం. పంపు మీద ఒళ్లంతా వేలాడితే ముల్లు ఒక గీత జరుగుతుంది. నాన్నగారు అంతసేపూ చూసి, "కొల్లేట్లో తాటిదోనె మీద నిలబడి గడ వేసేవాడికి మనం కూలి ఇచ్చేవాళ్లం. నువ్వు ఎదురిచ్చి నిలబడుతున్నావా?" అన్నారు. అది ఉపాధి, ఇది వెల్‌నెస్ అని చెప్పాను. కార్తీకమాసంలో నాలుగింటికి లేపితే, బాత్రూంలో మగ్గుతో నీళ్లు నేలకేసి కొట్టి పొడి ఒంటితో బయటికొచ్చినవాణ్ని నేనే అని ఆయనకి గుర్తుంది. నాకూ ఉంది. ఇద్దరం ఆ ఊసెత్తలేదు.

నా డ్రైసూట్ జిప్పు వీపు మీద, ఈ భుజం నుంచి ఆ భుజానికి ఉంటుంది. మనకి అందదు. నాన్నగారినే వేయమన్నాను.

పలక మీద ముందు మోకాళ్ల మీద ఉండాలి, తర్వాత ఒక్కో కాలూ పెట్టి లేవాలి. లేచాను. దిగ్విజయంగా ఇరవై గజాలు వెళ్లాను. అప్పుడు పక్క పలక మీద పోతున్న పదేళ్ల పిల్ల నా తెడ్డు తిరగేసి ఉందని చెప్పింది. గరిటె పట్టినట్టు పడితే సరిపోతుందనిపిస్తుంది గానీ, బ్లేడు వంపు ముందుకి చూడాలట. ఆ పిల్ల ముందు తెడ్డు తిప్పి పట్టుకుంటే కెప్టెన్ హోదాకి భంగం కాబట్టి, తిరగేసిన తెడ్డుతోనే ఒడ్డుకి వచ్చేశాను.

పడింది ఒడ్డునే. మోకాలి లోతులో దిగబోతూ, కాలికి కట్టిన తాడు మరిచిపోయి వెల్లకిలా పడ్డాను. డ్రైసూట్ ఉందిలే అని ధైర్యంగానే పడ్డాను. మరుక్షణం వీపు మీద ఎవరో ఐసుబిందె కుమ్మరించినట్టయింది. ఊపిరి లోపలికే పోతోంది గానీ బయటికి రావడం లేదు. ప్రొఫెసర్ గారు చెప్పిన ఆ మొదటి నిమిషం నిజంగా నిమిషం పొడవే ఉంటుంది.

లేచి ఒడ్డుకొచ్చాక వీపు తడిమించుకున్నాను. జిప్పు రెండు వేళ్ల మేర తెరిచి ఉంది.

"పూర్తిగా వేయలేదా నాన్నా?"

"ఊపిరాడాలిగా అని కాస్త వదిలాన్రా," అని ఫ్లాస్కు మూతలో కాఫీ పోశారు. నేను తాగుతుంటే, బూట్లలోంచి కారుతున్న నీళ్లు చూస్తూ, "మొత్తానికి తలంటకపోయినా స్నానమైతే అయింది," అన్నారు.

సోమవారం పొద్దున స్టాండప్‌లో మేనేజర్ బ్లాకర్లు ఏమైనా ఉన్నాయా అని అడిగాడు. జిప్పు ఒకటుంది, వచ్చే వారానికి క్లోజ్ చేస్తానన్నాను. రాసుకున్నాడు.