చ్యూబాకా చనిపోయాడా? రెండు పేజీలు, రెండు జవాబులు

హాలీవుడ్ అంతరిక్ష సినిమాలు స్టార్ వార్స్ చూసినవాళ్లకి చ్యూబాకాని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. ఒళ్లంతా జుట్టు, ఏడడుగులు దాటిన ఎత్తు, ఆ కథ హీరోల్లో ఒకడైన పైలట్ హాన్ సోలోకి కుడిభుజం. 1999లో వచ్చిన ఒక నవలలో అతను చనిపోయాడు. సెర్న్‌పిడాల్ అనే గ్రహం మీదికి దాని చందమామే వచ్చి పడుతుంటే, హాన్ కొడుకుని కాపాడి తను మాత్రం ఆ గ్రహం మీదే ఉండిపోయాడు. 2015లో కొత్త సినిమా వచ్చింది. అందులో మనవాడు నిక్షేపంగా తిరుగుతున్నాడు. మరి అభిమానులంతా కలిసి రాసుకునే స్టార్ వార్స్ విజ్ఞాన సర్వస్వం వూకీపీడియా అతని గురించి ఏమని రాయాలి?

రెండు పేజీలు రాసింది. 2014 ఏప్రిల్‌లో స్టార్ వార్స్ తీసే సంస్థ లూకాస్‌ఫిల్మ్ పాత నవలల్నీ కామిక్స్‌నీ 'లెజెండ్స్' అనే పేరుతో పక్కన పెట్టి, సినిమాలూ మరికొన్నీ మాత్రమే ఇకపై లెక్కలోకి వస్తాయని ప్రకటించింది కదా, ఆ గీత ఎక్కడుందో సరిగ్గా అక్కడే వికీ కూడా గీత గీసుకుంది. పేజీ పైన రెండు ట్యాబులుంటాయి. ఒక దాంట్లో చ్యూబాకా పోయాడు, రెండో దాంట్లో ఉన్నాడు. ఒక పేజీలోని కథ రెండో పేజీలోకి పొరపాటున కూడా రాదు. అక్కడ 'నిజంగా చనిపోయాడా' అని అడిగితే జవాబు దొరకదు. 'ఏ లెక్క ప్రకారం' అని అడిగితేనే దొరుకుతుంది.

పనీపాటా లేని కుర్రాళ్ల సరదా అని దీన్ని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను వాళ్లతో ఏకీభవించను. వెబ్‌లో జనం కలిసి రాస్తున్న రాతల్లో ఇంత నిక్కచ్చిగా ఉన్నవి నాకు చాలా తక్కువ కనిపించాయి.

ముందు నియమాల సంగతి. స్టార్ ట్రెక్ అనే మరో అంతరిక్ష కథల వరసకి 2003లో మొదలైన వికీ మెమరీ ఆల్ఫా, 2005లో వచ్చిన వూకీపీడియా, రెండూ ఒకే దారి పట్టాయి. పేజీలో ముఖ్యభాగాన్ని ఆ కల్పిత లోకంలోనే కూర్చున్న ఒక చరిత్రకారుడు రాసినట్టు రాయాలి. వాళ్ల భాషలో ఇది ఇన్-యూనివర్స్ శైలి. స్టార్ వార్స్ హీరో లూక్ గురించి 'మూడో సినిమా చివర్లో లూక్ తన తండ్రిని మారుస్తాడు' అని ఎవరైనా రాస్తే ఆ వాక్యం నిలబడదు. లూక్ బతికే లోకంలో మూడో సినిమా అనేదే లేదు మరి. 'యావిన్ యుద్ధం తర్వాత నాలుగో ఏట, ఎండోర్ యుద్ధం జరుగుతుండగా లూక్ తన తండ్రిని చీకటి వైపు నుంచి వెనక్కి తెచ్చాడు' అని రాయాలి. తేదీలు కూడా ఆ లోకపు లెక్కలోనే ఉంటాయి. 'పాపం' ఉండకూడదు, 'బహుశా' ఉండకూడదు, 'అందరికీ తెలిసిందే' అస్సలు ఉండకూడదు.

అంతా భూతకాలంలో నడుస్తుంది. మనం సినిమా కథ చెప్పేటప్పుడు 'హీరో ఊళ్లోకి వస్తాడు, విలన్‌ని చితక్కొడతాడు' అంటాం. తాతగారి కథ చెప్పేటప్పుడు 'వచ్చాడు, కొట్టాడు' అంటాం. వికీ రచయితలు తమ కథకి రెండోది ఎంచుకున్నారు. పాత్ర ఇంకా బతికే ఉన్నా, రేపు ఇంకో సీజన్ రాబోతున్నా, 'ఉండేవాడు' అనే రాస్తారు. దీనివల్ల ఎప్పటికప్పుడు వాక్యాలు మార్చుకునే బాధ తప్పుతుంది. అసలు లాభం అది కాదనుకోండి.

అసలు లాభం గోడ. కథలోని సంగతులన్నీ పైన రాసేశాక పేజీ కింద 'బిహైండ్ ద సీన్స్' అని వేరే విభాగం మొదలవుతుంది. పాత్ర ఎవరు వేశారు, స్క్రిప్ట్ మొదట్లో ఎలా ఉండేది, ఏ సీన్ తీసేశారు అన్నవన్నీ అక్కడే. 1977 సినిమాలో హాన్ సోలో ఎదుటివాడికి అవకాశమివ్వకుండా కాల్చేశాడు. 1997లో మళ్లీ విడుదల చేసినప్పుడు ఎదుటివాడే ముందు కాల్చినట్టు మార్చారు. అభిమానులు దాని మీద ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఇది హాన్ జీవితంలో జరిగింది కాదు, ఎడిటింగ్ టేబుల్ మీద జరిగింది. కాబట్టి దాని చోటు గోడకి అవతల. మెమరీ ఆల్ఫా ఇంకో అడుగు ముందుకేసింది. సీరియళ్లు, సినిమాల్లో లేకుండా నవలల్లో మాత్రమే ఉన్న సంగతుల్ని కథలో కలపనివ్వదు. వాటికి 'అపోక్రిఫా' అని విడిగా ఓ చోటు పెట్టింది.

నాకు మరీ నచ్చింది గోడకి కిందనున్న జాబితా. ఆ పాత్ర ఎక్కడెక్కడ వచ్చిందో వరసగా రాసి, ఒక్కోదాని పక్కన ఒక్కో గుర్తు పెడతారు: మొదటిసారి కనిపించింది ఇక్కడ, ఇక్కడ పేరు మాత్రమే వినిపించింది, ఇక్కడ ఫ్లాష్‌బ్యాక్‌లో వచ్చింది. పైనున్న వాక్యాలకి ఫుట్‌నోట్లు వేరే ఉంటాయి. థ్రాన్ అనే సేనాని 1991లో ఒక నవలలో పుట్టాడు, 2014లో లెజెండ్స్‌లోకి వెళ్లిపోయాడు, 2016లో యానిమేషన్ సీరియల్‌తో మళ్లీ అసలు లెక్కలోకి వచ్చాడు. ఈ ప్రయాణం మొత్తం ఆ జాబితాలు చూస్తేనే తెలిసిపోతుంది. లేని మనిషి గురించి కూడా 'ఈ మాట ఎవరన్నారు, ఎప్పుడన్నారు' అని నిలదీసే పద్ధతి ఇది.

వికీపీడియా వాళ్లు దీన్ని ఒప్పుకోరు. కల్పన గురించి రాసేటప్పుడు బయటి ప్రపంచంలో నిలబడే రాయాలనీ, కథని కథగానే చెప్పాలనీ, లోపలి నుంచి రాస్తే పాఠకుడు మోసపోతాడనీ వాళ్ల వాదన. అన్ని విషయాలకీ ఒకే గొడుగు పట్టాల్సిన చోట అది సరైన నియమమే, కాదనను. కానీ గోడ లేని చోట ఆ నియమం ఏమవుతుందో చూడండి. కథ, నటుడి గొప్పలు, వసూళ్లు, రాసినవాడి అభిమానం అన్నీ ఒకే పేరాలో కలగాపులగం అయిపోతాయి. పాఠకుడు మోసపోయేది అక్కడే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. శశిరేఖ ఎవరు? బలరాముడి కూతురు, అభిమన్యుడి భార్య అని ఏ తెలుగువాడైనా తడుముకోకుండా చెప్తాడు. వ్యాస భారతంలో శశిరేఖ లేదు. అక్కడ అభిమన్యుడి భార్య ఉత్తర. శశిరేఖ జనం నోళ్లలో, నాటకాల్లో పెరిగి 1957లో 'మాయాబజార్'తో మన ఇళ్లలో స్థిరపడిపోయింది. లక్ష్మణరేఖ కూడా అంతే. వాల్మీకి అరణ్యకాండలో ఆ గీత లేదు, మన రంగనాథ రామాయణంలో ఉంది. ఇవి తప్పులని నేననడం లేదు. శశిరేఖ లేని భారతం నాకూ అక్కర్లేదు. కానీ 'భారతంలో ఉంది' అనే ఒక్క మాటలో వ్యాసుడినీ, తిక్కననీ, సినిమావాళ్లనీ, నిన్న వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్‌నీ కలిపి ముద్ద చేస్తున్నాం. తర్వాత ఎవరైనా 'ఇది మూలంలో లేదండీ' అంటే సంస్కృతి మీద దాడి అని గొంతు చించుకుంటున్నాం. స్టార్ వార్స్ అభిమాని ఇంత టెన్షన్ పడడు. ట్యాబ్ మారుస్తాడు.

పురాణాలతో ఆగినా ఫర్వాలేదు. అల్లూరి సీతారామరాజు మన్యంలో బ్రిటిష్ వాళ్లతో పోరాడి 1924 మేలో చనిపోయారు. కొమురం భీమ్ నిజాం సర్కారు మీద తిరగబడి 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగారు. ఇద్దరూ కలిశారనడానికి ఆధారం లేదు. 2022 సినిమా 'ఆర్ఆర్ఆర్'లో వాళ్ల స్నేహం కల్పన అని తీసిన దర్శకుడే ముందుగా చెప్పాడు. ఆయన తన గోడ కట్టుకున్నాడు. దాన్ని పడగొట్టింది మనం. ఇద్దరి ఫొటోలూ పక్కపక్కన పెట్టి, సినిమా డైలాగు కింద రాసి, జయంతికీ వర్ధంతికీ షేర్ చేసేస్తున్నాం. పదేళ్ల పిల్లాడికి ఏది అల్లూరి, ఏది హీరో వేసిన అల్లూరి అని తెలిసేదెలా?

తెలుగు వికీపీడియా 2003 నుంచీ ఉంది. ఓపికగా రాసేవాళ్లు ఉన్నారు. పురాణ పాత్రల కోసం వూకీపీడియా పద్ధతిలో ఒక ప్రత్యేక వికీ మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు కూడా కాదు. మొదటి పేజీగా శశిరేఖనే తీసుకోండి. పైన ట్యాబులు: వ్యాస భారతం, కవిత్రయ భారతం, జానపదం, సినిమా. మొదటి ట్యాబు నొక్కితే 'ఈ పాత్ర ఇందులో లేదు' అన్న ఒక్క వాక్యం కనిపించాలి. ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారి పెళ్లికొడుకు కాలు తొక్కిన సంగతి సినిమా ట్యాబులో ఎంత వివరంగానైనా రాసుకోవచ్చు. ఎవరూ అడ్డు చెప్పరు.