గడప దాటనివ్వని బూజు

శ్రావణమాసంలో బరంపురం తెలుగువాళ్ల ఇళ్లకు చుట్టంగా రావడం తేలికే. తిరిగి వెళ్లడమే కష్టం. ఎవరైనా ఎదురు తుమ్మితే ఆగి, కాళ్లు కడుక్కుని, కాసిని మంచినీళ్లు తాగి బయలుదేరాలని నియమం పెట్టిన పెద్దలెవరో, బూజు పట్టిన బీరువా ఉన్న ఇంట్లో ఒక్క వానాకాలమైనా గడిపి ఉండరు.

ఆ రోజు మామయ్య విశాఖ బండి ఎక్కాలి. బయట ముసురు. తన అన్నయ్యకు చలేస్తుందని అమ్మ బీరువా అడుగు నుంచి శాలువా తీసి ఫట్టున దులిపి భుజాన వేసింది. అంతే, బావ తుమ్మాడు. మామయ్యను స్కూటర్ మీద స్టేషన్లో దింపాల్సింది ఆయనే.

"ఒంటి తుమ్ము!" అంటూ మామయ్య చెప్పులు విప్పేశాడు. "అల్లుడుగారూ, ఇంకొక్కటి తుమ్మి జంట చేసేయండి, వెళ్లిపోతాను."

అడిగితే వస్తుందా? రాలేదు. మామయ్య నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టగానే వచ్చింది. అది రెండోదేగా అంటాడు బావ. మధ్యలో నీళ్లు తాగారు కాబట్టి లెక్క మళ్లీ ఒకటి నుంచే అంటుంది నాయనమ్మ. మళ్లీ కాళ్లు, మళ్లీ నీళ్లు.

పాపం, బావ మాత్రం ఏం చేస్తాడు? గాలిలో తేమ పెరిగితే ఆస్పర్జిల్లస్, పెన్సిలియం లాంటి బూజులు మడత బట్టల మీదా తోలు బెల్టుల మీదా హాయిగా పెరుగుతాయి. ఆస్పర్జిల్లస్ సిద్ధబీజాలైతే రెండు నుంచి ఐదు మైక్రాన్లే. కంటికి కనపడవు, ఒకసారి దులిపితే గాల్లో తేలుతూనే ఉంటాయి. 1928లో లండన్‌లో ఫ్లెమింగ్ గారి గాజుపళ్లెంలో వాలిన పెన్సిలియం లోకానికి పెన్సిలిన్ మందిచ్చింది. దాని చుట్టాలు మా బీరువాలో కాపురం పెట్టి, బావ ముక్కులో తుమ్ములు రప్పించే హిస్టమిన్ పుట్టించడం తప్ప ఉద్ధరించిందేమీ లేదు.

చివరికి అక్క సెట్రిజిన్ మాత్ర వేయించింది. కాసేపటికి తుమ్ములు ఆగాయి. బండికి ఇంకా టైముందని మామయ్య నిశ్చింతగా కాఫీ కూడా తాగాడు. తీరా లేచి చూస్తే, స్కూటర్ తాళం చేత్తో పట్టుకుని బావ సోఫాలో గురక పెడుతున్నాడు. ఆ మాత్రకు తుమ్ములతో పాటు మనుషుల్ని కూడా పడుకోబెట్టే గుణం ఉందని అప్పుడు గుర్తొచ్చింది అక్కకు.

ఆటో పిలిచాం. నాయనమ్మ అందరి ముక్కుల మీదా నిఘా వేసింది. మామయ్య సంచీ పట్టుకుని, శాలువా మెడకు బిగించి చుట్టుకుని, గడప మీద కాలు పెట్టి, తనే తుమ్మాడు. వరసగా మూడు.

మూడింటికి లెక్కేమిటని అందరం నాయనమ్మ వంక చూశాం. ఆవిడ తేల్చేలోపు, ముందు వెయిటింగ్ చార్జీ సంగతి తేల్చమన్నాడు ఆటో అబ్బాయి.