మోటారు పోయిందని తేల్చే ముందు కండెన్సర్ చూడండి

నెల రోజుల క్రితం కావలిలో మా పిన్ని వాళ్ళ హాల్లో ఫ్యాను ఆగిపోయింది. స్విచ్చి వేస్తే సన్నగా మూలుగు వినిపిస్తోంది గానీ రెక్క కదలడం లేదు. పిలిస్తే వచ్చిన సర్వీసు మనిషి నిచ్చెన ఎక్కకుండానే మోటారు పోయిందని, బాగుచేయించడం దండగని, కొత్తది కొనుక్కోమని చెప్పి, వచ్చినందుకు 300 రూపాయలు తీసుకుని వెళ్ళిపోయాడు. "అబ్బయా, నిన్నటిదాకా తిరిగిన ఫ్యాను, ఉన్నట్టుండి మోటారు పోద్దా?" అని పిన్ని ఫోన్లో అడిగింది. ఆమె అడిగింది సరైన ప్రశ్న. దానికి సరైన సమాధానం చెప్పేవాళ్ళు తగ్గిపోతున్నారన్న బాధతోనే ఇదంతా రాస్తున్నాను.

ఆ సాయంత్రం వెళ్ళి, స్విచ్చి వేసి ఉంచి, పొడి బూజుకర్రతో రెక్కను ఒక వైపుకు మెల్లగా నెట్టాను. ఫ్యాను ఆ వైపుకే నిదానంగా తిరిగింది. ఆపి రెండో వైపుకు నెడితే అటూ తిరిగింది. కాయిల్, అంటే మోటారులోని తీగ చుట్ట, కాలిపోయిన ఫ్యాను అలా తిరగదు. మెయిన్ ఆపి, పైకప్పు దగ్గరి గిన్నెను దించి, కాసేపు కరెంటును నిల్వచేసుకునే చిన్న డబ్బా అయిన కండెన్సరును విప్పి చూస్తే ఒక పక్క ఉబ్బి ఉంది. దాని మీద 2.5 మైక్రోఫారడ్ (కండెన్సరు సామర్థ్యానికి కొలత) అని ముద్ర ఉంటే మీటరులో 0.3 కూడా రాలేదు. కొత్త కండెన్సరుకు 60 రూపాయలైంది. ఫ్యాను ఇప్పటికీ బ్రహ్మాండంగా తిరుగుతోంది.

ఆ చిన్న డబ్బా ఎందుకంత ముఖ్యమో తెలిస్తే ఇంటివాళ్ళను ఎవరూ అంత సులువుగా మోసం చేయలేరు. మన ఇళ్ళకు వచ్చేది సింగిల్ ఫేజ్ కరెంటు. అది కాయిల్‌లోకి వెళితే అయస్కాంత బలం అక్కడే పెరుగుతూ తరుగుతూ, దిశ మార్చుకుంటూ ఉంటుందే తప్ప గుండ్రంగా తిరగదు. అందుకే ఫ్యానులో రెండు కాయిళ్ళు చుడతారు. రెండోదానికి వరుసలో కండెన్సరు కలిపితే దానిలోని కరెంటు మొదటిదానికంటే ముందుగా నడుస్తుంది. ఈ ముందువెనకల తేడా వల్లనే అయస్కాంత క్షేత్రం తిరగడం మొదలుపెట్టి, రెక్కలు బిగించిన బయటి డొప్పను తన వెంట లాక్కుపోతుంది. మధ్యలో కాయిళ్ళున్న స్టేటరు మాత్రం కదలదు. కండెన్సరు పూర్తిగా చచ్చిపోతే ఎటు తిరగాలో మోటారుకు తెలియదు కాబట్టి మనం ఎటు నెడితే అటే వెళుతుంది; కాస్త బలహీనపడితే వేగం తగ్గుతుంది. వేసవిలో ఫ్యాను గాలి రావడం లేదని అనుకునే ఇళ్ళలో సగం రోగం ఇదే అయివుంటుందని నా నమ్మకం.

మా నాన్న కావలిలోనే ముప్పై ఏళ్ళు మోటారు వైండింగ్ షాపు నడిపారు. నిజంగా కాయిల్ కాలిన మోటారు ఏదో ఆయన విప్పకుండానే వాసనతో చెప్పేవారు. కాలిన కాయిల్‌ను ఉలితో కోసి, చుట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టి, తీగ గేజు కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాకే కొత్త తీగ చుట్టేవారు. స్లాట్లలో కాగితం అమర్చడం, వార్నిష్ పోసి ఆరబెట్టడం అయ్యేసరికి ఒక పూట గడిచిపోయేది. ఒక్క చుట్టు తప్పినా ఆయన విప్పి మళ్ళీ చుట్టడం నేను కళ్ళారా చూశాను. అటువంటి పనివాళ్ళున్న ఊళ్ళో ఇవాళ నిచ్చెన ఎక్కకుండానే తీర్పు చెప్పేస్తున్నారు.

మిక్సీ సంగతి పూర్తిగా వేరు. దానిలో ఉన్నది యూనివర్సల్ మోటారు. కదలకుండా ఉండే ఫీల్డ్ కాయిల్, మధ్యలో తిరిగే కాయిళ్ళ భాగమైన ఆర్మేచర్ ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకున్నా రెండింటిలోనూ ఒకేసారి మారుతుంది, తిరిగే దిశ మాత్రం మారదు. జారు లేకుండా నిమిషానికి 18,000 చుట్ల దాకా తిరిగే ఈ మోటారు, బరువు పడగానే నెమ్మదిస్తుంది. నెమ్మదించిన కొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుంది. మన వైపు కారం దోసెకు ఎర్రకారం నూరేటప్పుడు ఏమవుతుందో గమనించండి. నానిన ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి, నీళ్ళు పోస్తే రుచి పోతుందని గట్టిగానే తిప్పుతాం. ముద్ద బ్లేడుకు అడ్డుపడి మోటారు వేగం పడిపోతుంది. దానిని చల్లబరిచే చిన్న ఫ్యాను కూడా అదే ఇరుసు మీద ఉంటుంది కనుక, వేడి ఎక్కువగా పుట్టే సమయంలోనే గాలి తక్కువవుతుంది. ఆపి ఆపి తిప్పమని మా అమ్మకు నాన్న చెప్పింది ఇందుకే. అయిదు నిమిషాలు తిప్పితే రెండు నిమిషాలు ఆపాలని చాలా మిక్సీలతో వచ్చే పుస్తకంలోనూ ఉంటుంది. మధ్యలో మిక్సీ ఆగిపోతే అడుగున ఉన్న ఎర్ర బటను చూడాలి. అది ఓవర్‌లోడ్ రక్షణ. కాసేపు చల్లారనిచ్చి నొక్కితే మళ్ళీ పనిచేస్తుంది. నిప్పురవ్వలు మామూలుకంటే ఎక్కువగా కనబడుతుంటే కార్బన్లు, అంటే తిరిగే ఆర్మేచర్‌కు ఆనుకుని కరెంటు అందించే ముక్కలు, అరిగాయని అర్థం. అవి అరగడానికే పెట్టినవి, మార్చడానికి పావుగంట చాలు.

లో వోల్టేజీ గురించి ఒక్క మాట. సీలింగ్ ఫ్యానులోనూ, మామూలు ఫ్రిజ్ కంప్రెసర్‌లోనూ ఉండే ఇండక్షన్ మోటారు బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 రావలసిన చోట 180 వస్తే బలం 61 శాతానికి పడిపోతుంది. రోహిణి కార్తెలో ఫ్రిజ్ వెనక 'టిక్కు' మని శబ్దం వచ్చి ఆగిపోతూ ఉంటే, కంప్రెసర్ స్టార్టు కాలేక అవస్థ పడుతుండవచ్చు. కంప్రెసర్ మీద నింద వేసేముందు వోల్టేజీ కొలవాలి.

ఇక ఈ కొత్త బీఎల్‌డీసీ (కార్బన్ బ్రష్షులు లేని డీసీ మోటారు) ఫ్యాన్ల మీద నా ఫిర్యాదు వేరు. సాంకేతికంగా అవి గొప్పవి. తిరిగే భాగమైన రోటరు మీద శాశ్వత అయస్కాంతాలు, కాయిళ్ళకు కరెంటును వంతులవారీగా అందించే బోర్డు ఉండటం వల్ల, పాత ఫ్యాను 75 వాట్లు లాగే చోట ఇవి దాదాపు 30 వాట్లతో తిరుగుతాయి. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు సుమారు 20 యూనిట్లు మిగులుతాయి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి చేయడం కూడా మంచి నిర్ణయమే. అయితే బోర్డు పోతే ఏం చేయాలి? బజారులో ఎక్కడైనా దొరికే కండెన్సరు లాంటిది కాదది. ఆ కంపెనీ ఆ మోడలుకు చేసినదే కావాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో కొన్న వస్తువును బాగుచేయించుకునే హక్కు కోసం 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చింది. పోర్టల్‌లో కంపెనీ పేరుంటే సరిపోదు, విడిభాగం ఊళ్ళోని కొట్టుకు రావాలి, దాని ధర ముందే తెలియాలి.

రెండేళ్ళ క్రితం నేను కొన్న బీఎల్‌డీసీ ఫ్యాను అటక మీద ఉంది. విప్పి చూశాను. కాయిళ్ళు శుభ్రంగా ఉన్నాయి, అయస్కాంతాల పట్టు తగ్గలేదు, బేరింగులు చప్పుడు చేయడం లేదు. బోర్డు మీద ఒక మూల మాత్రం నల్లబడింది. ఆ బోర్డు కోసం కంపెనీకి మూడుసార్లు రాశాను, మూడుసార్లూ కొత్త ఫ్యాను మీద తగ్గింపు ఇస్తామనే జవాబిచ్చారు.