ఆ రెండేళ్ల బరువు ఇంకా మన ఇళ్లలోనే ఉంది

2021 మే నెలలో, కోవిడ్ రెండో వేవ్ నడుస్తున్నప్పుడు మన తెలుగు సంఘాలు చేసిన పని చిన్నది కాదు. ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు కొని పంపాం. గుంటూరులో ఎవరికో బెడ్ కావాలంటే ఇక్కడ న్యూజెర్సీలో అర్ధరాత్రి దాకా మేలుకుని ఫోన్లు చేశాం. హాస్టళ్లు మూసేస్తే రోడ్డున పడ్డ విద్యార్థులకు బియ్యం, పప్పులు గుమ్మం దగ్గర పెట్టి వచ్చాం. ఒంటికి కావలసినవన్నీ మనకు తోచాయి. మనసు సంగతికి వచ్చేసరికి ఒక వెబినార్ పెట్టి, అరగంట ప్రాణాయామం చేయించి, అయిపోయిందనుకున్నాం. అది అవ్వలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా చాలా ఇళ్లలో అది అలాగే మిగిలి ఉంది.

అన్నిటికన్నా ముందు, అమ్మనో నాన్ననో కడసారి చూసుకోలేకపోయిన వాళ్ల గురించి చెప్పాలి. 2020 మార్చి నాలుగో వారంలో భారత్ అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకి భారత్ ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నవాళ్లకి కూడా కొన్నాళ్లు దారి మూసుకుంది. అమెరికా కాన్సులేట్లు మామూలు వీసా సేవలు నిలిపేశాయి. తర్వాత విమానాలు తిరిగినా, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిన హెచ్-1బీ వర్క్ వీసా మనిషి ఇండియా వెళ్తే మళ్లీ ఎప్పుడు రాగలడో చెప్పే నాథుడు లేడు. 2021 మే 4 నుంచి నవంబరు 8 దాకా భారత్ నుంచి వచ్చే ప్రయాణికుల మీద అమెరికా ఆంక్షలు పెట్టింది. సిటిజన్లకి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది, వర్క్ వీసా మీద ఉన్న చాలామందికి లేదు. సరిగ్గా ఆ నెలల్లోనే అక్కడ మనవాళ్లు ఎక్కువగా పోయారు. తండ్రి అంత్యక్రియలకు వెళ్తే ఇక్కడి ఉద్యోగం, పిల్లల చదువు ఏమవుతాయో తెలియదు. వెళ్లకపోతే జీవితమంతా ఆ మాట గుచ్చుతూనే ఉంటుంది.

తలకొరివి తమ్ముడో, బాబాయి కొడుకో పెట్టాడు. ఆ అవకాశం కూడా లేని చోట మున్సిపాలిటీ వాళ్లే చేశారు. ఇక్కడి కొడుకూ కూతురూ అర్ధరాత్రి దాటాక ఫోన్ తెరలో చూశారు. పెద్దకర్మ జూమ్‌లో జరిగింది. మర్నాడో ఆ మర్నాడో మళ్లీ ఆఫీసు పనికి లాగిన్ అయ్యారు. స్నానానికి, పలకరింపులకు, పదిమంది వచ్చి కూర్చుని పోయిన మనిషి గురించి మాట్లాడుకోవడానికి మన పద్ధతుల్లో ఇన్ని రోజులు ఎందుకు పెట్టారో, ఆ రోజులు దక్కనివాళ్లని చూస్తే తెలుస్తుంది. చాలామందికి ఏడుపు 2022లో ఊరికి వెళ్లి, తాళం తీసి, ఇంట్లో అడుగు పెట్టినప్పుడు వచ్చింది. అప్పటికి చుట్టాల లెక్కలో అది ఏడాది కిందటి సంగతి. 'ఇంకా దాని గురించే ఆలోచిస్తున్నావా' అన్నవాళ్లు ఉన్నారు. అవును, ఇంకా ఆలోచిస్తారు. వాళ్లకది అప్పుడే మొదలైంది.

ఇక పురుటికో, మనవలతో కొన్నాళ్లు ఉండిపోదామనో వచ్చి ఇక్కడ ఆగిపోయిన పెద్దవాళ్లు. ఆరు నెలలకు సరిపడా తెచ్చుకున్న బీపీ మాత్రలు, షుగరు మాత్రలు అయిపోతున్నాయి. ఇక్కడి మందుల షాపులో ఇండియా చీటీ చెల్లదు. విజిటర్ ఇన్సూరెన్సు పాత జబ్బులకు సాధారణంగా పైసా ఇవ్వదు. అబ్బాయి వీసా పొడిగింపుకి దరఖాస్తు పెట్టి, ఎదురు చూడమన్నాడు. ఇంట్లో ఒక గదిలో కొడుకు మీటింగు, ఇంకో గదిలో కోడలి మీటింగు, పైన పిల్లల క్లాసు. ఇంత పచ్చడి చేద్దామని మిక్సీ వేయాలన్నా ఎవరి మీటింగ్ అయిపోయిందో కనుక్కోవాలి. ఫోన్లో చెల్లెలితో గొంతెత్తి మాట్లాడటానికి లేదు. బయట నడుద్దామంటే భయం. పోతే ఇక్కడే పోతామేమో, మన నేల మీద కాదేమోనన్న దిగులు ఆ రోజుల్లో ఎంతమంది పెద్దవాళ్లని తినేసిందో వాళ్ల పిల్లలకు ఇప్పటికీ తెలియదు. వాళ్లు చెప్పలేదు. చెబితే పిల్లలకు టెన్షన్ కదా.

అయినా, అందరికన్నా నలిగింది పెద్దవాళ్లే అనుకుంటే పొరపాటు. 2020 జూన్ చివర్లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 18 ఏళ్లు, ఆ పైబడినవాళ్ల మీద చేసిన సర్వేలో, అంతకు ముందు నెల రోజుల్లో ఆత్మహత్య గురించి గట్టిగా ఆలోచించామని చెప్పినవాళ్లు 18 నుంచి 24 ఏళ్ల వయసులో నలుగురిలో ఒకరు. 65 దాటినవాళ్లలో వందకు ఇద్దరు. వైరస్ వల్ల ప్రాణభయం ఎవరికి ఎక్కువో, మనసు ఎవరిది ఎక్కువ చితికిందో చూస్తే ఈ రెండూ ఒకటి కాదు. మనం ఫోన్ చేసిన ప్రతిసారీ అమ్మానాన్నల ఆక్సిజన్ అంకె అడిగాం. పక్క గదిలో తలుపు వేసుకున్న పిల్లని గ్రేడ్లు అడిగాం.

2021లో హైస్కూలు పిల్లల మీద జరిగిన సీడీసీ సర్వేలో వందకు 44 మంది, గడిచిన ఏడాదిలో వదలని దిగులో, ఏ ఆశా లేనితనమో తమను వెంటాడిందన్నారు. ఆ అక్టోబరులోనే ఇక్కడి పిల్లల వైద్యుల సంఘాలు దీన్ని జాతీయ అత్యవసర స్థితిగా ప్రకటించాయి. మన ఇళ్లలో మాత్రం 'ఇంట్లో అన్నీ ఉన్నాయి, నీకేం టెన్షన్?' అన్న మాట దగ్గరే ఆగిపోయాం. ఎమ్మెస్‌కి వచ్చిన పిల్లల కష్టం ఇంకో రకం. క్యాంపస్‌లో పని పోయింది, ఊళ్లో పొలమో ఇల్లో తాకట్టు పెట్టి తెచ్చిన లోనుకి వడ్డీ ఆగలేదు. 2020 జులై 6న, క్లాసులన్నీ ఆన్‌లైన్ అయితే విదేశీ విద్యార్థులు దేశం విడిచి వెళ్లాలని ఉత్తర్వు వచ్చింది. జులై 14న వెనక్కి తీసుకున్నారు. ఆ ఎనిమిది రోజులు ఆ పిల్లలకు నిద్ర లేదు. ఇంటికి మాత్రం 'బాగానే ఉన్నాం నాన్నా' అనే చెప్పారు.

నడివయసు వాళ్ల సంగతి ఈ పత్రిక చదివేవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఉద్యోగం పోతే వర్క్ వీసా మీద ఇక్కడ ఉండటానికి 60 రోజుల గడువు, ఇంటి లోను, ఇద్దరు పిల్లలు, అటు అమ్మానాన్నలు.

నా అభిప్రాయం ఇది. ఒక్కో వయసుకి ఒక్కో బాధ ఉంది, కానీ దాన్ని మోయలేనిదిగా చేసింది దాపరికం. తెనాలిలో అమ్మకి కోవిడ్ వచ్చి తగ్గాక గానీ కొడుక్కి చెప్పలేదు. కొడుకు తన ఉద్యోగం పోయిన సంగతి అమ్మకి చెప్పలేదు. మనవరాలు ఇద్దరికీ ఏమీ చెప్పలేదు. అంతా ప్రేమతోనే. కానీ గొంతులో తేడా అవతలివాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. కారణం తెలియనప్పుడు మనిషి జరిగినదానికన్నా ఘోరమైనదే ఊహించుకుంటాడు. దాచడం వల్ల ఒక్కరి టెన్షన్ కూడా తగ్గలేదు. ముగ్గురూ విడివిడిగా పడ్డారు, అంతే.

కుదుటపడ్డ ఇళ్లు కూడా చూశాను. అక్కడ పెద్దవాళ్లకి చేతిలో ఒక పని ఉండేది. బామ్మ రోజూ సాయంత్రం వీడియోలో నలుగురు మనవలకు పోతన పద్యాలు చెప్పేది. పిల్లలు ఆవిడకి ఫోన్లో బిల్లులు కట్టడం నేర్పేవాళ్లు. 'ఎలా ఉన్నావు' అని అడగకుండానే ఎలా ఉన్నారో తెలిసిపోయేది.

అందుకని సంఘాన్ని అడుగుతున్నాను. వందమంది పేర్లు తెర మీద కనిపించే వెబినార్‌లో 'నాకు చచ్చిపోవాలనిపిస్తోంది' అని ఎవరూ అనరు. పెద్దవాళ్లకి విడిగా, తెలుగులో, చిన్న గుంపుగా కూర్చునే చోటు కావాలి. పిల్లలకి అమ్మానాన్నలు లేని చోటు కావాలి. అప్పట్లో కడసారి చూపు దక్కనివాళ్లని ఒకచోట కూర్చోబెట్టి, పోయినవాళ్ల గురించి తనివితీరా మాట్లాడుకోనివ్వాలి. కన్వెన్షన్‌లో పెళ్లి పరిచయ వేదికకు హాలు ఇస్తున్నాం, దీనికి తలుపున్న ఒక గది ఇద్దాం. ఇక్కడ థెరపిస్టుకి, సాధారణంగా క్లయింటు ఉండే రాష్ట్రంలో లైసెన్సు ఉండాలి. అందుకే తెలుగు వచ్చిన థెరపిస్టుల జాబితా రాష్ట్రాలవారీగా తయారు చేస్తేనే ఉపయోగం.

భయాలు కూడా తీర్చాలి. కౌన్సెలింగ్‌కి వెళ్లినంత మాత్రాన గ్రీన్‌కార్డు ఆగదు. చాలా కంపెనీల్లో ఉద్యోగికి, ఇంట్లోవాళ్లకి కొన్ని ఉచిత కౌన్సెలింగ్ సెషన్లు ఉంటాయి, ఎవరేం మాట్లాడారో మేనేజరుకి చెప్పరు. చచ్చిపోవాలనిపించినా, మనసు కుంగిపోయినా అమెరికాలో ఏ వేళనైనా 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయవచ్చు. ఇండియాలో అమ్మానాన్నలు 14416కి చేస్తే, అక్కడి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. ఈ రెండు నంబర్లూ మన క్యాలెండరు మీద, పండగ తిథుల పక్కనే అచ్చు వేయాలి.

ఇన్సూరెన్సు లేని విజిటర్ తల్లిదండ్రులకి మాత్రం ఇవేవీ చాలవు. థెరపిస్టు ఫీజు సొంతంగా కట్టాలంటే వాళ్లు ఒప్పుకోరు, పిల్లల్ని అడగరు. వచ్చే ఏడాది బడ్జెట్‌లో ఆ ఫీజుల కోసం ఒక పద్దు పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. సర్వసభ్య సమావేశంలో ఆ తీర్మానం నేనే ప్రవేశపెడతాను. బలపరచడానికి ఇంకొకరు కావాలి.