మోడల్ నంబర్ 32 నుంచి ఆల్బమ్ గారికి

మహారాజరాజశ్రీ టైలర్ షాపు కౌంటర్ మీది సూటు మోడళ్ల ఆల్బమ్ గారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. తమరి లామినేషన్ మూలలు లేవకుండా క్షేమంగా ఉన్నవని తలుస్తాము. నిన్న మధ్యాహ్నం రెండింటికి మొదలై, రెండు హాఫ్ చాయ్‌లు, ఒక కరెంటు కోత దాటి ఐదింటికి ముగిసిన తమరి దర్శనానికి దక్కిన ప్రసాదం ఇప్పుడు ఎదురుగా ఉంది. బిల్లు బుక్కు కార్బన్ కాపీ. మూలకు స్టేప్లర్ కొట్టిన నేవీ బ్లూ గుడ్డ ముక్క, అగ్గిపెట్టె అంత. ఏడు కొలతలు. వాటి కింద గీత గీసి, ‘మో.నం. 32’. రిసెప్షన్ కోసం మొదటిసారి కొలతలిచ్చి కుట్టించుకునే సూటు ఎట్లుండాలో షాపు రాసుకున్నది అంతే. ఇంటికి గేటు చేయించినా వెల్డింగ్ షాపాయన ఇంతకన్నా నాలుగు ముక్కలు ఎక్కువ రాసుకుంటడు.

తమరి మొదటి పన్నెండు పేజీల వైభవం వర్ణించ మా తరమా! మెరూన్ వెల్వెట్, బాటిల్ గ్రీన్ మీద నల్ల సాటిన్ లాపెల్ (రొమ్ము మీద వెనక్కి మడిచే పట్టీ), జేబుకు కుట్టేసిన ఉత్తుత్తి రుమాలు, బ్రోచ్ నుంచి గుండీకి వేలాడే గొలుసు. సాటిన్ లాపెల్ గోత్రం వేరు స్వామీ. అది రాత్రి విందుది. 1865లో లండన్ సావిల్ రోలోని హెన్రీ పూల్ వాళ్లు వేల్స్ యువరాజుకు కుట్టిన పొట్టి కోటు దాని మూలపురుషుడంటారు. దీపాల వెలుగులో మెరవడం దాని పని. తమరు దాన్ని మే నెలలో, పగలు పదకొండింటికి, సగం ఏసీలే పనిచేసే ఫంక్షన్ హాలుకు సిఫారసు చేస్తారు. వీడియో లైటు పడగానే మనిషి మాయమై లాపెల్ ఒక్కటే మిగులుతుంది. మొదటి సూటంటే నేవీ బ్లూ, కాకుంటే బొగ్గు బూడిద రంగు. పెళ్లికైనా ఇంటర్వ్యూకైనా నడుస్తుంది. ఇట్లా పనికొచ్చే మాట చెప్పే పేజీ తమరిలో ఒక్కటైనా ఉందా? ఉంది. దాని సంగతి చివర్ల.

ఈ మధ్య బోర్డుల మీద ‘బెస్పోక్’ అని కూడా రాయిస్తున్నారు. ముందే ఫలానావాళ్లదని చెప్పి పెట్టిన గుడ్డ అన్న అర్థంలోంచి పుట్టిన మాట అది. అంటే ఒంటికో నమూనా కాగితం గీసి, కచ్చా టాకాలతో తగిలించి, ఒంటి మీద చూసి, విప్పి, మళ్లీ కుట్టేది. తమరి సన్నిధిలో చెప్పేదెవరు? తమరు చూపిస్తారు, మేం తలూపుతాం. నోరు తెరిచేది ఒక్కసారే, అడ్వాన్స్ ఎంతని.

32వ పేజీ పెద్దమనిషి ఆరడుగుల రెండంగుళాలుంటాడు. కోటు నడుముకు పోతపోసినట్టు అతుక్కుని ఉంటుంది. కారణం కుట్టు కాదండీ. ఫొటో తీసేటప్పుడు వెనకాల గుడ్డను దొరకబట్టి క్లిప్పులు పెడతారు. అందుకే మీలో ఎవరూ వీపు చూపించరు. 47 పేజీలు తిప్పితే ఒక్క వీపు లేదు! వీపు లేదు కాబట్టి వెనక చీలిక గురించి ఎవరూ అడగరు. అడగకుంటే మాస్టర్ నడిమిట్ల ఒకటి పెడతడు, లేకుంటే అదీ పెట్టడు. నడిమి చీలికైతే ప్యాంటు జేబులో చెయ్యి పెట్టంగనే కర్టెన్ లెక్క తెరుచుకుంటది. పక్కలకు రెండు చీలికలుంటే కూసున్నా లేచినా గుడ్డ పడే చోటనే పడతది. (ఆ చీలికల మీద ఇంటూ ఆకారంల వేసిన టాకా కంపెనీ గుర్తు కాదు, డిజైన్ కాదు. వేసుకునే ముందు తెంపాలె. దానితోనే స్టేజీ ఎక్కిన బావమరుదులకు ఈ జిల్లాల లెక్కలేదు.)

ఇక అసలు మాట. పొడవు.

మీ 32 నంబరాయన కోటు తుంటి ఎముక మీద ఆగుతుంది. కోటు పొట్టిగుంటే కాళ్లు పొడుగు కనబడతయని కౌంటర్ మీది పిల్లగాడు చెప్తడు. కనబడేది కాళ్లు కాదు, పిర్రలు. సూటు కోటుకు ఉన్న పాత లెక్క ఒక్కటే: మెడ వెనక పొడుచుకొచ్చిన ఎముక నుంచి నేల దాకా టేపు పెట్టు, వచ్చినదాంట్ల సగం కోటు పొడవు. 57 అంగుళాలొస్తే ఇరవై ఎనిమిదిన్నర. ఒక అర అంగుళం అటో ఇటో. పిర్రలు పూర్తిగ మునగాలె, అంతకు పైకి పోవద్దు. బిల్లు మీద ఏముంది? ఇరవై ఆరున్నర. ఎందుకు? ‘మోడల్ గట్లనే ఉంది కద సార్.’

రెండంగుళాలే కదా అంటవు. నీకేం, నువ్వు ప్లాస్టిక్ కవర్ల పండుకుంటవు. ఆ రెండంగుళాలు కిందనే పోవు. పైనున్నవి కూడా జరుగుతయి. పై గుండీ ఉండాల్సింది బొడ్డుకు కాస్త మీద, నడుము వంపు తిరిగే చోట. కోటు పొట్టి చేసినంక జేబులకు జాగ చాలదు. జేబుల కోసం గుండీ పైకెక్కి రొమ్ము కింద కూసుంటది. దాని కింద కోటు తెరుచుకుని, అంగీ తిరగేసిన ‘వి’ లెక్క బయటపడి, టై కొన అండ్లకెళ్లి నాలిక చాపుతది. ఇదంతా తర్వాత సరిచేద్దామంటే అయ్యేది కాదు. నడుము వదులు చేయొచ్చు, పక్క కుట్లల్ల అంగుళం గుడ్డ దాచిపెడితే. చెయ్యి పొడవు కొంచెం అటిటు చేయొచ్చు, చేతి గుండీలకు నిజం కాజాలు కొయ్యకముందైతే. పొడవు మాత్రం రాదు. కింద మడతల మహా ఉంటే అంగుళంన్నర, అది విప్పినా పాత ఇస్త్రీ గీత కనబడతది, ముందు గుండ్రం కోత పాడైతది. జేబు కోసినంక కోసినట్టే. భద్రకాళమ్మకు మొక్కినా జేబు జరగదు. కత్తెర పడ్డంక ఇగ రానివన్నీ నీ ఫొటో చూసి ఖాయం చేస్తరు. విప్పి కుట్టుకోదగ్గవి మాత్రం మా ఇష్టానికి వదిలేస్తరు!

రిసెప్షన్ స్టేజీ మీద ఈ కోటు ఏం చేయాలె చెప్పు? నీ లెక్క జేబుల చేతులు పెట్టుకుని గోడకు ఒరిగి నిలబడుడా? రెండు గంటలు ఆగకుండ దండాలు పెట్టాలె. పెద్దమనిషి వచ్చినప్పుడల్లా వంగి కాళ్లు మొక్కాలె. దోస్తులొచ్చి మెడ మీద చెయ్యేసి ఫొటో దిగుతరు. వంగినప్పుడల్లా ఇరవై ఆరున్నర కోటు నడుము మీదికి పోయి అంగీ కొన బయటికొస్తది. చంక కిందికి కోస్తే ఫ్రీగుంటదని ఇంకో మాట చెప్తరు. ఉల్టా. చంక ఎంత కిందికుంటే చెయ్యి లేపినప్పుడు కోటంతా అంత లేస్తది. చెయ్యి కదిలితే చెయ్యే కదలాలంటే చంక పైకుండాలె, బిగుతు లేకుండ. నీ దండం పెట్టని మోడల్‌కు ఈ బాధేం తెలుసు?

అందుకే ట్రయల్ నాడు అద్దం ముందు నిలబడి కడుపు లోపలికి పీల్చుకుంటే లాభం లేదు. పై గుండీ పెట్టుకుని దండం పెట్టాలె. వంగి కాళ్లు మొక్కాలె. గుండీ విప్పి కుర్చీల కూసుని లెవ్వాలె. గుండీ దగ్గర నాలుగు దిక్కులా ముడతలు లాగితే నడుము బిగుతు. మెడ వెనక కాలర్‌కు అంగీకి నడుమ వేలు దూరే సందుంటే వీపు లెక్క తప్పింది. ఇవన్నీ చూడాలంటే కోటు చేతులు ఇంకా కచ్చా టాకాల మీద ఉన్నప్పుడే, కాజాలు కొయ్యక ముందు చూడాలె. మన దగ్గర ట్రయల్ అంటే గుండీలు, అస్తర్, ఇస్త్రీ అన్నీ అయిపోయిన కోటు హ్యాంగర్ మీద పట్టుకొచ్చి ‘ఎట్లుంది సార్’ అనుడు. అది ట్రయల్ కాదు, డెలివరీ.

కోపంల మిగతా నేరాలు మరిచిపోయేటట్టున్న. లాపెల్: మీ 32ది రెండంగుళాలు, టై కంటే సన్నం. కాలర్‌కు భుజం అంచుకు నడుమ సగం దాకా రావాలె, చాలా మందికి మూడుకు కొంచెం పైన. మొదటి కోటుకు నాచ్ చాలు, అంటే కాలర్ కలిసే చోట గాటున్నది. పీక్, అంటే కొన పైకి లేచినది, రెండు వరసల గుండీల డబుల్ బ్రెస్ట్‌కు అందం. గాటే లేకుండ గుండ్రంగ తిరిగే షాల్ కాలర్ ఆ రాత్రి విందుకే వదిలెయ్. రెండు గుండీల కోటుకు కింది గుండీ పెట్టరు, కోతే ఆ లెక్కన ఉంటది. మీ 19వ పేజీ ఆయన రెండూ బిగించుకుని నవ్వుతున్నడు, చెప్పుండ్రి ఆయనకు.

లోపల సంగతి ఏ పేజీలనూ లేదు. రొమ్ముకు కాన్వాసా, పేస్టింగా? కాన్వాస్ అంటే లోపల విడిగ కుట్టే గుడ్డ పొర. పేస్టింగ్ అంటే జిగురు గుడ్డను వేడి మీద అతికించుడు. డ్రై క్లీనింగ్‌ల జిగురు వదిలితే లాపెల్ కింద పూరీ పొంగినట్టు బుడగలొస్తయి. మళ్ల ఇస్త్రీకి అతుకుతదని ఆశపడొద్దు. కింది కాజా దగ్గర గుడ్డ ముందు పొరను, వెనక పొరను వేళ్లతోని లాగి చూస్తే నడుమ మూడో పొర విడిగా ఆడుతుంటే కాన్వాస్. పూర్తి కాన్వాస్ పైసలు లేకుంటే రొమ్ము వరకైనా, లాపెల్ వరకైనా అడగాలె. మన ఎండలకు వీపు కింది సగం అస్తర్ తీసేయమనాలె. అడగకుంటే పాలిస్టర్ అస్తర్ కింద మనిషి ఉడుకుతడు.

గుడ్డ అంచు మీద ‘సూపర్ 120స్’ అని బంగారు అక్షరాలు. గుడ్డేమో టెర్రీ రేయాన్. సూపర్ లెక్క ఉన్ని పోగు సన్నదనానికి. 120 అంటే పోగు 17.75 మైక్రాన్లకు మించొద్దని. ఉన్నే లేని గుడ్డకు ఆ నంబరెందుకు? 1934లో ఆజంజాహి బట్టల మిల్లు పెట్టిన వరంగల్ ఇది. కొత్తవాడల జంపఖానా తడిమి నేత చెప్పేటోళ్లున్న ఊరిది. ఇక్కడ గూడ గీ మాటే చెప్పాల్నా?

అయినా నిన్ను చింపెయ్యమని రాయబుద్ధి కాలే. కరెంటు వచ్చినంక, బిల్లు చేతికి వచ్చినంక, నీ చిట్టచివరి పేజీ చూసిన. 48. గోందు ఊడి సగం బయటికి వేలాడుతోంది. ఫొటో కాదు, చేత్తో గీసిన బొమ్మ. మామూలు రెండు గుండీల కోటు, నాచ్ లాపెల్. పక్కనే అదే కోటు వెనక నుంచి. వీపు! రెండు పక్క చీలికలు, పిర్రల కింది దాకా గుడ్డ. అంచుకు ఎవరో మాస్టర్ పెన్సిల్‌తో రాసిపెట్టిన అంకెలు ఇంకా చెరగలేదు: పొడవు ఇరవై ఎనిమిదిన్నర, లాపెల్ మూడుంబావు, చంక పైకి. కింద, ‘కచ్చా చూసి కాజా’. నలభై ఏడు పేజీల హంగామా తర్వాత ఆ నాలుగు మాటలు చూసి నీ మీద కొంచెం ప్రేమ కూడా కలిగింది, దాచుకునేదేముంది. ఆ పేజీకి టేపన్నా వేయించుకో.

ఇందాకనే ఫోన్ చేసి 32 కొట్టేసి 48 రాసుకోమని చెప్పిన.

‘కటింగ్ అయిపోయింది సార్’ అన్నరు. ‘గురువారం ట్రయల్‌కు రండ్రి.’

ఇట్లు,
తమ విధేయుడు,
మో.నం. 32