తవుడుకి కొన్న పేరు

నా పేరు తవిటయ్య. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ పేరు చెబితే ఎవరూ రెండోసారి అడగరు. గోదావరి దాటితే మాత్రం 'ఏంటి, మళ్లీ చెప్పండి' అంటారు.

మా వైపు పేరు వింటే చాలు, ఆ ఇంటివాళ్లు ఏ దేవుడికి మొక్కుకున్నారో చెప్పేయొచ్చు. అప్పలరాజు, అప్పలనర్సమ్మ సింహాచలం అప్పన్న పేర్లు. ఆ కొండ పేరైన సింహాచలాన్ని ఇక్కడ మగవాళ్లకీ పెడతారు, ఆడవాళ్లకీ పెడతారు. పైడిరాజు, పైడమ్మ విజయనగరం పైడితల్లి ఇచ్చిన పిల్లలు. కూర్మారావు అంటే శ్రీకూర్మం, సూర్యనారాయణ అంటే అరసవల్లి గుర్తొస్తాయి. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారికి ఇంట్లో పెట్టిన పేరు కూడా సూర్యనారాయణే.

అవన్నీ దేవుణ్ణి పిలిచే పేర్లు. నాది చావు కంట పడకుండా దాచిన పేరు.

నాకు ముందు మా అమ్మకి ముగ్గురు పుట్టారు. ఇద్దరు పురిట్లోనే పోయారు. ఒక పాప ఏడో నెల దాకా ఉండి జ్వరంతో పోయింది. నేను పుట్టగానే మా నాన్నమ్మ నన్ను చేటలో పడుకోబెట్టి పక్కింటావిడ చేతిలో పెట్టేసింది. కాసేపాగి వాళ్ల గుమ్మంలోకి వెళ్లి, సోలెడు తవుడు పోసి మళ్లీ కొనుక్కుంది. అంటే వీడు మా కడుపున పుట్టినవాడు కాడు, సోలెడు తవుడు చేసేవాడు, తీసుకెళ్లి ఏం చేసుకుంటావు అని మృత్యువుకి చెప్పడం. తవిటమ్మ, తవిటినాయుడు ఇలా వచ్చిన పేర్లే. పెంటయ్య, పెంటమ్మ కూడా అంతే. పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద ఉంచి, ఇంకొకరి చేత తీయించి తెచ్చుకునేవారు.

ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. విశాఖపట్నంలో కాలేజీలో చేరినప్పుడు ఒక లెక్చరర్ హాజరు పిలుస్తూ నా పేరు దగ్గర ఆగారు. 'పశువులకి పెట్టేదా?' అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ ఏడాదంతా ఎవరికీ పూర్తి పేరు చెప్పలేదు. పండక్కి ఇంటికెళ్లి, పేరు మార్చుకుంటానని నాన్నమ్మకి చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న ఆవుకి కుడితి కలుపుతూ నన్ను పిలిచి, నా చెయ్యి తవుడు బస్తాలో పెట్టించింది. ముందురోజే మిల్లు నుంచి తెచ్చింది. మోచేతి దాకా మునిగింది. పిండి కన్నా మెత్తగా ఉంది, తియ్యటి వాసన వేస్తోంది.

"ఏటి, తవుడంటే లోకువేటి నీకు? బియ్యం మీదున్న బలమంతా ఇదే. బంగారం పోసి కొంటే అందరి కళ్లూ పడతాయిరా. అందుకే తవుడు పోసినాను" అంది.

ఆ తర్వాత పేరు మార్చుకోవాలని అనిపించలేదు.

పేరుకి అర్థం ఏమిటని అడిగితే మనం నిఘంటువు తీస్తాం. నిఘంటువులో తవుడు అంటే తవుడే. కానీ పేరు అర్థం దాన్ని పెట్టినవాళ్ల దగ్గర ఉంటుంది. వాళ్లు ఆ రోజు దేనికి భయపడ్డారు, ఏం కోరుకున్నారు అన్నదే దాని అర్థం. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. ఆ చట్టం వచ్చాక కూడా పల్లెల్లో పురిట్లో పోయిన బిడ్డ కోసం ఆఫీసుకి వెళ్లిందెవరు? మా అక్క, మా అన్నలు ఏ రిజిస్టర్‌లోనూ లేరు. వాళ్లు పుట్టారని చెప్పే ఒకే ఒక్క కాగితం నా పదో తరగతి సర్టిఫికెట్. అందులో నా పేరుంది. మా జిల్లాల ఓటరు లిస్టులో తవిటయ్య, పెంటమ్మ అని కనిపించిన ప్రతిచోటా నేను ఆగిపోతాను. ఆ పేరు వెనక కడుపుకోత పడిన ఒక తల్లి ఉంటుంది.

2020 నాటికి ఆ 129 కాస్తా 28కి దిగింది. టీకాలు, ఆసుపత్రి కాన్పులు, ఊళ్లో తిరిగే ఆశా కార్యకర్తలు, అందరి కష్టమూ ఇందులో ఉంది. ఇప్పుడు తవుడు కొలిచి పేరు పెట్టాల్సిన అవసరం లేదు. ఇలాంటి పేర్లు ఆగిపోతున్నందుకు నాకు బాధ లేదు, నిజంగా సంతోషమే. మా అబ్బాయికి మేమూ ఫోన్‌లో వెతికి, అర్థం బాగుందని పేరు పెట్టాం. ఇరవై ఒకటో రోజున పళ్లెంలో బియ్యం పోసి ఆ పేరు రాస్తున్నప్పుడు మా ఇంట్లో ఎవరికీ టెన్షన్ లేదు.

నా బాధల్లా సిగ్గుతో చెరిపేసుకోవడం గురించి. అఫిడవిట్ ఇచ్చి, గెజిట్‌లో వేయించి పేరు మార్చుకునేవాళ్లని తప్పుపట్టను. ఈ పేర్లు ఎక్కువగా కూలీల ఇళ్లలో, చిన్న రైతుల ఇళ్లలో మిగిలాయి. వీటిని చూసి నవ్వేవాళ్లు నవ్వేది ఆ ఇళ్లని చూసే. ఆ నవ్వు రోజూ భరించమని చెప్పే హక్కు నాకు లేదు. కానీ మార్చుకునే ముందు ఇంట్లో పెద్దావిడ బతికి ఉంటే పక్కన కూర్చుని ఒక్కసారి అడగండి. చెప్పింది ఎక్కడైనా రాసిపెట్టుకోండి. ఆవిడ పోయాక ఆ కథ ఇంకెవరి దగ్గరా దొరకదు.

ఆమధ్య ఆరోగ్య సర్వే కోసం ఒక అమ్మాయి మా ఇంటికొచ్చింది. ఎంతమంది పిల్లలని మా అమ్మని అడిగింది. "నలుగురు" అంది అమ్మ.

"మిగతా ముగ్గురూ ఎక్కడుంటారు మామ్మా, హైదరాబాదా?"

అమ్మ జవాబు చెప్పలేదు. నా వైపు చూపించి, "ఈడి పేరు తవిటయ్య" అంది.

ఆ అమ్మాయిదీ మా వైపే, రాజాం దగ్గర. రాస్తున్న పెన్ను ఆపేసి, కుర్చీలోంచి లేచి వచ్చి అమ్మ పక్కన అరుగు మీద కూర్చుంది.